పెర్సియస్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "స్టోయిక్ రచనలంటే నాకు ఇష్టం. సెనెకా లేఖలు, మార్కస్ ఔరేలియస్ చదివాను. స్టోయిక్ భావాలతో అధిక్షేప కవిత్వం రాసిన పెర్సియస్ అనే రోమన్ కవి ఉన్నాడని తెలిసి ఆంగ్లానువాదం తెప్పించుకున్నాను. మొదటి కవిత సగం కూడా దాటలేకపోయాను. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కావడం లేదు. ఇది నిజంగా చదవదగినదేనా? అయితే ఎలా చదవాలి?"

చదవదగినదే. మొదటి కవితతో కాకుండా మూడో కవితతో మొదలుపెట్టండి. రెండు మూడు పంక్తులకు ఒకసారి ఆగి, "ఇప్పుడు మాట్లాడుతున్నది ఎవరు?" అని ప్రశ్నించుకుంటూ చదవండి. స్టోయిక్ సిద్ధాంతం (ఉద్వేగాలను అదుపులో పెట్టుకుని ధర్మంగా బతకమనే ప్రాచీన గ్రీకు తత్త్వం) నేర్చుకోవాలంటే ఈ పుస్తకం అక్కరలేదు, అది మీకు సెనెకా దగ్గర ఇప్పటికే దొరికింది. ఆ సిద్ధాంతమంతా తెలిసి కూడా బారెడు పొద్దెక్కేదాకా పడుకునే మనిషి లోపల ఏం జరుగుతుందో చూడాలంటే మాత్రం పెర్సియస్‌ను మించినవాడు రోమ్‌లో నాకు కనిపించలేదు. లాటిన్ కవిత్వం చెప్పడం నా వృత్తి. హొరేస్‌నూ జువెనాల్‌నూ ఎంతో ప్రేమగా చెబుతాను. అయినా ఈ మాట నిస్సంకోచంగా అంటున్నాను.

ముందు మనిషిని పరిచయం చేస్తాను. (మీరు వెతికేటప్పుడు మెడూసా తల నరికిన గ్రీకు పురాణ వీరుడు పెర్సియస్ అడ్డొస్తాడు. మనవాడి పూర్తి పేరు ఔలస్ పెర్సియస్ ఫ్లాకస్.) క్రీ.శ. 34 డిసెంబరు 4న ఎట్రూరియాలోని వొలాటెర్రేలో, అంటే నేటి ఇటలీలోని వొల్టెర్రాలో, కలిగిన కుటుంబంలో పుట్టాడు. ఆరేళ్ల వయసులో తండ్రి పోయాడు. తల్లి ఫుల్వియా సిసెన్నియా మళ్లీ పెళ్లి చేసుకుంది, కొన్నేళ్లకే ఆ భర్తా పోయాడు. పన్నెండేళ్లకు కుర్రవాడు చదువు కోసం రోమ్ వచ్చి రెమ్మియస్ పాలేమన్ దగ్గర వ్యాకరణం, వెర్జీనియస్ ఫ్లేవస్ దగ్గర వక్తృత్వం నేర్చుకున్నాడు. పదహారేళ్లకు లిబియాలోని లెప్టిస్ నుంచి వచ్చిన స్టోయిక్ గురువు కొర్నూటస్ దగ్గర చేరాడు. చనిపోయేదాకా ఆయనను విడిచిపెట్టలేదు. 62 నవంబరు 24న, ఇరవై ఎనిమిది కూడా నిండకుండా, అప్పియన్ రహదారి పక్కన తన తోటలో కడుపు జబ్బుతో కన్నుమూశాడు.

ఇవన్నీ ప్రాచీన ప్రతులతో పాటు మనదాకా వచ్చిన ఒక చిన్న జీవితచరిత్రలో ఉన్న సంగతులు. అందులో నన్ను ప్రతిసారీ ఆపేసే వివరం వీలునామా. తల్లికీ సోదరికీ దాదాపు ఇరవై లక్షల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) వదిలిన పెర్సియస్, గురువుకు కొంత డబ్బూ వెండీ, స్టోయిక్ తత్త్వవేత్త క్రిసిప్పస్ రాసిన సుమారు 700 పుస్తకాలూ ఇవ్వమన్నాడు. కొర్నూటస్ పుస్తకాలు ఉంచుకుని డబ్బు ఆ కుటుంబానికే వదిలేశాడు. అసంపూర్తిగా మిగిలిన కవితల రాతప్రతిని చూసి, చివరలో కొన్ని పంక్తులు తీసేసి, తేలికగా సరిదిద్దింది కూడా ఆయనే. ప్రచురించే బాధ్యతను మాత్రం స్నేహితుడైన కవి కేసియస్ బాసస్ కోరి తీసుకున్నాడు. మిగిలిన చిన్ననాటి రచనలను నాశనం చేయమని తల్లికి సలహా ఇచ్చింది కూడా కొర్నూటసే. మన చేతికొచ్చింది ఆరు కవితలు, 650 పంక్తులు, వాటికి తోడు 14 పంక్తుల చిన్న ప్రస్తావన. అంతే.

కాబట్టి పుస్తకం పెద్దదని భయపడే పని లేదు. కష్టమంతా నడకలో ఉంది. ఆ కష్టం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే సగం తగ్గుతుంది.

మొదటి కారణం, గొంతులు. ఈ కవితలు చాలావరకు సంభాషణలు. ఎవరు మాట్లాడుతున్నారో కవి చెప్పడు. ప్రాచీన ప్రతుల్లో ఉద్ధరణ చిహ్నాలు లేవు. ఇప్పుడు మీ పుస్తకంలో కనిపించేవి సంపాదకులు పెట్టినవి, ఒక సంపాదకుడు పెట్టినచోట ఇంకొకరు పెట్టరు. మీ చేతిలోని అనువాదంలో ఆ గుర్తులను నమ్మి చదివితే ఒక్కోసారి దారి తప్పుతారు. నాతో చదివేవారికి నేను చెప్పేది ఇదే: పెన్సిల్ తీసుకుని, గొంతు మారిందనిపించిన ప్రతిచోటా అంచున ఒక గీత గీయండి. గీతలు తప్పయినా పరవాలేదు. రెండోసారి చదివేటప్పుడు అవే జరుగుతాయి.

రెండోది, పోలికలు ఒకదానిలోకి ఒకటి దూసుకుపోవడం. కొర్నూటస్‌ను పొగుడుతూ, "యువకులను సాగుచేసేవాడివి, శుభ్రం చేసిన చెవుల్లో క్లియాంథిస్ ధాన్యం విత్తుతావు" అంటాడు. (క్లియాంథిస్ తొలితరం స్టోయిక్ గురువు.) చెవి పొలమైంది, తత్త్వం విత్తనమైంది, గురువు రైతయ్యాడు, ఇదంతా ఒక్క ఊపిరిలో. మాటలు రోజువారీ మాటలే. వాటిని కలిపే తీరు కరుకు. తన పద్ధతి అదేనని ఆ కవితలోనే కొర్నూటస్ నోట చెప్పించాడు. హొరేస్ పదాలు కూడా అడుగడుగునా ఎదురవుతాయి, కానీ హొరేస్ చిరునవ్వుతో విడిచిన మాట ఇక్కడ పదునెక్కి వస్తుంది. ఇది తెలియకపోయినా చదవవచ్చు, తెలిస్తే ఆనందం రెట్టింపు.

ఇంకొకటి మన అలవాటుకు సంబంధించినది. శతకాలతో పెరిగిన మనం నీతి కవిత్వం అనగానే ఏ పద్యానికి ఆ పద్యం విడిగా నిలబడుతుందని ఆశిస్తాం. ఇక్కడ అలా కుదరదు. పెర్సియస్ సూక్తులను విడదీసి సంకలనాల్లో వేస్తే మామూలుగా కనిపిస్తాయి. ఆ సూక్తికి ముందు ఎవరు ఏం సాకు చెప్పారో కూడా చదివితేనే దాని దెబ్బ తెలుస్తుంది.

ఇక మూడో కవిత. తెల్లటి ఉదయం కిటికీ సందుల్లోంచి గదిలోకి జొరబడి, ఆ సన్నని చీలికలను వెలుగుతో వెడల్పు చేస్తూ ఉంటుంది. లోపల రాత్రి తాగిన ఫలెర్నియన్ మద్యం మత్తు దిగేదాకా గురకలు. నీడ గడియారంలో నీడ అయిదో గీతను తాకుతోంది, అంటే మన లెక్కలో దాదాపు పదకొండు. స్నేహితుడొకడు వచ్చి లేపుతాడు: ఎండకు పంటలు మాడుతున్నాయి, పశువులన్నీ చెట్ల నీడకు చేరాయి, ఇంకా పడకేనా? "నిజమా? అంత పొద్దెక్కిందా? ఎవరక్కడ, త్వరగా రండి! ఎవరూ లేరా?" అని కుర్రవాడు నౌకర్ల మీద అరుస్తాడు. పుస్తకం వస్తుంది, తోలు కాగితం వస్తుంది, రెల్లు కలం వస్తుంది. అప్పుడు ఫిర్యాదులు మొదలవుతాయి. సిరా చిక్కగా ఉంది, కలానికే వేలాడుతోంది. నీళ్లు పోస్తే రంగే పోయింది. ఇప్పుడు కలం ఒక చుక్కకు రెండు చుక్కలు రాలుస్తోంది. ఇలాంటి కలంతో చదువుకోవడం ఎలా?

ఈ సిరా గొడవ దగ్గర కాసేపు ఆగండి. తొమ్మిదో తరగతి పిల్లవాడి నుంచి పరిశోధక విద్యార్థి దాకా, పని మొదలుపెట్టకుండా పనిముట్లు సరిచేసుకుంటూ కూర్చునే ప్రతి ఒక్కరూ ఇక్కడ ఉన్నారు. పెర్సియస్ వెంటనే కసురుకుంటాడు: ఎవరికి చెబుతున్నావు ఈ సాకులు? నష్టపోయేది నువ్వు, కారిపోతున్నది నువ్వు. సరిగ్గా కాలని కుండను తడితే చప్పుడులోనే లోపం తెలుస్తుంది. నువ్వింకా తడి మట్టివి, మెత్తని మట్టివి, ఇప్పుడే, ఇప్పుడే సారెమీద పెట్టి ఆపకుండా తిప్పాలి.

ఆ తర్వాత వచ్చే మాటలు చూడండి: తండ్రి ఇచ్చిన పొలంలో సరిపడా ధాన్యం ఉంది, మచ్చలేని ఉప్పుగిన్నె ఉంది, ఇక భయమేమిటి అనుకుంటున్నావా? ఎట్రుస్కన్ వంశవృక్షంలో వెయ్యో కొమ్మవని రొమ్ము విరుచుకుంటే సరిపోతుందా? నీ చర్మం కిందేముందో నాకు తెలుసు. ఇప్పుడు పైన చెప్పిన జీవితచరిత్ర గుర్తు చేసుకోండి. ఎట్రూరియాలో పుట్టినవాడు, తండ్రి ఆస్తి ఉన్నవాడు, చదువుకోవడానికి అన్ని సౌకర్యాలూ ఉన్నవాడు ఎవరు? పెర్సియసే. మందలించే గొంతు, మందలింపు తినే గొంతు, రెండూ ఒక మనిషివేనా అన్నదానిపై పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా అభిప్రాయం అడిగితే, అవి రెండూ ఆయనవే. అలా చదివినప్పుడే ఈ కవిత ఉపన్యాసంగా కాకుండా మనిషి తనతో తాను పడే తగవుగా వినిపిస్తుంది.

స్టోయిక్ పాఠం ఏదని అడుగుతారు కదా, అదీ ఇందులోనే ఉంది. మనం ఎవరం, ఎలా బతకడానికి పుట్టాం, డబ్బుకు హద్దు ఎక్కడ, ఏది కోరుకోవడం ధర్మం, దేశానికీ అయినవారికీ ఎంత ఇవ్వాలి, దేవుడు నిన్ను ఏ స్థానంలో నిలబెట్టాడు: ఇవన్నీ నేర్చుకోండి అని ఏడెనిమిది పంక్తుల్లో మొత్తం పాఠ్యప్రణాళిక ఇచ్చేస్తాడు. ఇచ్చిన కాసేపటికే ఒక మొరటు సెంచూరియన్‌ను, అంటే రోమన్ సైన్యంలో దళాధికారిని, ప్రవేశపెడతాడు. "నాకు తెలిసింది నాకు చాలు. తల దించుకుని, నేల చూపులు చూస్తూ, గొణుక్కుంటూ, 'శూన్యం నుంచి ఏదీ పుట్టదు' అని పెదవి మీద తూకం వేసుకునేవాళ్లలా నేనెందుకు అవ్వాలి? ఇందుకోసం భోజనం మానుకోవాలా?" జనం పగలబడి నవ్వుతారు. పెర్సియస్ ఆ నవ్వుకు వాదనతో జవాబు చెప్పడు. రోగి కథ చెబుతాడు.

గుండె దడగా ఉందని ఒకడు వైద్యుడి దగ్గరకు వెళతాడు. విశ్రాంతి తీసుకోమంటారు. మూడో రాత్రికి నాడి నెమ్మదించగానే పెద్దింటికి కబురంపి మెత్తని సొరెంటో మద్యం తెప్పించుకుంటాడు, స్నానానికి ముందు తాగడానికి. ఎదుటివాడు అంటాడు: "పాలిపోయి ఉన్నావు." "ఏమీ లేదులే." "ఏదైనా సరే, జాగ్రత్త, ఒళ్లు పసుపెక్కుతోంది." "నువ్వే నాకంటే పాలిపోయావు. నాకు సంరక్షకుడివై కూర్చోకు, నా సంరక్షకుణ్ణి ఎప్పుడో పాతిపెట్టాను, ఇక నువ్వొక్కడివే మిగిలావు." "సరే, కానివ్వు, నేను మాట్లాడను." విందు తిని, ఉబ్బిన పొట్టతో స్నానానికి దిగుతాడు. తాగుతుండగా వణుకు వస్తుంది, వేడి గిన్నె చేతిలోంచి జారుతుంది, పళ్లు టకటక కొట్టుకుంటాయి, సడలిన పెదవుల్లోంచి నూనె ఓడే ముద్దలు రాలతాయి. తర్వాత బాకా, దీపాలు, పాడె. నిన్ననే స్వేచ్ఛ పొందిన బానిసలు తలమీద టోపీలతో మోసుకుపోతారు.

నేను ఈ భాగం చెబుతున్నప్పుడు ఒక వైద్య విద్యార్థిని, "ఇది రోజూ ఓపీలో వినే సంభాషణే" అంది. నిజమే, కానీ కవిత అక్కడ ముగియదు. వింటున్నవాడు, "నా నాడి చూడు, ఒంట్లో వేడి లేదు, కాళ్లూ చేతులూ చల్లబడలేదు" అంటాడు. దానికి జవాబు: డబ్బు కంటపడినప్పుడు, పక్కింటి పిల్ల మెత్తగా నవ్వినప్పుడు నీ గుండె సరిగ్గానే కొట్టుకుంటోందా? ముతక రొట్టె పెడితే గొంతులో పుండు బయటపడదా? భయంతో చల్లబడటం, కోపంతో కాగిపోవడం జబ్బులు కావా? ఉద్వేగాలు ఆత్మకు పట్టిన రోగాలన్న స్టోయిక్ మాట మీరు సెనెకాలో చదివే ఉంటారు. ఇక్కడ అది మీ మణికట్టు పట్టుకుని చూస్తుంది.

మూడోది పూర్తయ్యాక అయిదో కవితకు వెళ్లండి. 191 పంక్తులతో అన్నిటికంటే పొడవైనది, నా దృష్టిలో అన్నిటికంటే గొప్పది. మొదటి భాగం కొర్నూటస్‌కు ప్రేమలేఖ లాంటిది. పొడవైన పగళ్లు నీతో గడిపాను, భోజనానికి రాత్రి తొలి గంటలను కలిసి కోసుకున్నాం, మన పని ఒకటే, మన విశ్రాంతి ఒకటే అంటాడు. తండ్రి లేకుండా పెరిగిన కుర్రవాడు రాసిన మాటలివి. తర్వాత విషయం స్వేచ్ఛ వైపు మళ్లుతుంది. జ్ఞాని ఒక్కడే స్వతంత్రుడు, మిగిలినవారంతా బానిసలే అన్నది స్టోయిక్కుల ప్రసిద్ధ వాదం. దాన్ని పెర్సియస్ ఇలా చూపిస్తాడు: డామా అనే బానిస, కంచరగాడిదల కాపరి, ఉన్నాడు, మూడు కాసులకు కొరగాడు, అబద్ధాలకోరు. యజమాని అతన్ని విడుదల తంతులో ఒక్క చుట్టు తిప్పి వదలగానే మార్కస్ డామా అనే స్వతంత్రుడైపోతాడు. ఇక మార్కస్ హామీ ఉంటే అప్పు ఇవ్వనంటావా? మార్కస్ న్యాయమూర్తి అయితే భయపడతావా? బెత్తం తాకించే అధికారి చట్టప్రకారం స్వేచ్ఛ ఇవ్వగలడు, బతకడం ఎలాగో ఇవ్వలేడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ భాగం చదివి, చట్టబద్ధమైన బానిసత్వం పెద్ద విషయం కాదని పెర్సియస్ అంటున్నట్టు కొందరు మెచ్చుకుంటారు. నాకది మింగుడు పడదు. నౌకర్లను కేకవేసి పిలిచే ఇంట్లో పుట్టినవాడికి డామా పొందినదాని విలువ కనబడలేదు. కవిని ప్రేమిస్తూనే ఆ మాట చెప్పుకోవాలి.

అదే కవితలో లోభం ఒక పడుచువాణ్ణి తెల్లవారుజామున నిద్రలేపుతుంది. "లే." "లేవను." "లే." "నా వల్ల కాదు." "లే." "లేచి ఏం చెయ్యాలి?" "అదీ అడగాలా? నల్లసముద్రం నుంచి చేపలు తే, ఎబొనీ కలప తే, ధూపం తే. ఇంకా దాహంతో ఉన్న ఒంటె మీదినుంచి కొత్త మిరియాలు అందరికంటే ముందు నువ్వే దించుకో." ఆ మిరియాలు మన దక్షిణాదివి. మలబారు తీరం నుంచి ఓడల్లో ఎర్రసముద్రపు రేవులకు చేరి, అక్కడినుంచి ఎడారి దాటి ఒంటెల మీద నైలు నదికి వచ్చేవి. అందుకే ఆ ఒంటెకు దాహం. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు గుర్తొస్తే ఆ పంక్తి మనకు ఇంకొంచెం దగ్గరవుతుంది. ఆ వెంటనే విలాసం వచ్చి రెండో చెయ్యి పట్టుకుని లాగుతుంది: ఎక్కడికి పరుగు, ఓడలో తాళ్ల చుట్ట మీద కూర్చుని పులిసిన మద్యం తాగడానికా? ఇప్పుడే అనుభవించు, నేను మాట్లాడుతుండగానే గడియ గడిచిపోతోంది. పడుచువాడు రెండు గాలాల మధ్య చీలిపోతాడు.

రెండో కవిత చిన్నది, మనవాళ్లకు సులభంగా పడుతుంది. విషయం మొక్కులు. గుడిలో మంచి బుద్ధి, మంచి పేరు ఇవ్వమని పైకి అడుగుతారు. బాబాయికి ఘనంగా అంత్యక్రియలు జరగాలనీ, గొర్రు కింద వెండి లంకెబిందె గలగలమనాలనీ నాలుక కింద గొణుక్కుంటారు. దిష్టి తగలకుండా ఉయ్యాలలోని పాపాయి నుదుట వేలితో ఉమ్మి రాసే నాయనమ్మ కూడా ఉంది. చివర్లో ఆయన కోరేది: న్యాయం నిండిన మనసు ఇవ్వండి, గుప్పెడు పిండితో మొక్కు తీర్చుకుంటాను.

ఆరో కవిత లిగూరియా తీరంలో లూనా నుంచి బాసస్‌కు రాసినది. ఇందులో గొంతు మెత్తబడుతుంది. ఉన్నది వారసుడి కోసం దాచకుండా వాడుకో, ఓడ మునిగిన స్నేహితుడికి పొలంలో ముక్క కోసి ఇవ్వు అంటాడు. నాలుగోది 52 పంక్తులే, మధ్యలో బూతు ఉంది, పిల్లలకు చెప్పలేం. కానీ "తనలోకి తాను దిగడానికి ఎవరూ ప్రయత్నించరు, ముందు నడిచేవాడి వీపు మీద సంచీనే చూస్తారు" అన్న మాట కోసమూ, "నీతో నువ్వు కాపురం చెయ్యి, ఇంట్లో సామాను ఎంత తక్కువో తెలుస్తుంది" అన్న చివరి పంక్తి కోసమూ తప్పక చదవండి.

మొదటి కవితను చివరికి ఉంచండి. అది ఆనాటి కవిసభల మీద దాడి. కొత్త తెల్లని టోగా, పుట్టినరోజు ఉంగరం, గొంతు సవరించుకోవడం, శ్రోతల మెలికలు. "ఇది ఎవరు చదువుతారు?" "ఎవరూ చదవరు." "ఎవరూనా?" "ఇద్దరో, ఒక్కరూ కారో." ఆ కాలపు సాహిత్య వాతావరణం తెలియకుండా ఇందులోకి దిగితే మీకు జరిగిందే జరుగుతుంది. మిగిలిన అయిదూ చదివి వస్తే మాత్రం గాడిద చెవుల రహస్యం దగ్గర మీకే ఉత్సాహం వస్తుంది. మైడాస్ రాజుకు గాడిద చెవులున్న రహస్యాన్ని దాచుకోలేక గోతిలో చెప్పిన పురాణ కథలోని మంగలిలా గొయ్యి తవ్వి, తన చిన్న పుస్తకానికి చెబుతాడు: నేను చూశాను, నా కళ్లతో చూశాను, గాడిద చెవులు లేనిదెవరికి?

ఆ పంక్తిలో మొదట "మైడాస్ రాజుకు గాడిద చెవులు" అని ఉండేదనీ, చక్రవర్తి నీరో తన గురించే అనుకుంటాడని కొర్నూటస్ మార్చాడనీ జీవితచరిత్ర చెబుతుంది. దీన్ని పట్టుకుని పుస్తకమంతా నీరో మీద రహస్య లిపి అని చదివేవారున్నారు. అలా చదవమని నేను చెప్పను. రోమ్‌లో ప్రతివాడికీ ఆ చెవులున్నాయి అనడమే ఎక్కువ బలమైన మాట. ప్రమాదం మాత్రం నిజమే. పెర్సియస్ కవితలు విని మెచ్చుకోకుండా ఉండలేకపోయిన కవి లూకన్ 65లో, పెర్సియస్‌కు బంధువూ ఆప్తుడూ అయిన సెనేటర్ థ్రేసియా పేటస్ 66లో నీరో ఆజ్ఞతో ప్రాణాలు తీసుకోవలసి వచ్చింది. కొర్నూటస్‌కు దేశబహిష్కారం పడింది. రోమ్ చరిత్రపై నాలుగు వందల పుస్తకాల కావ్యం రాయమని కొందరు నీరోను ప్రోత్సహించినప్పుడు, అన్ని ఎవరూ చదవరని కొర్నూటస్ అన్నాడు. క్రిసిప్పస్ అంతకంటే ఎక్కువ రాయలేదా అని ఎవరో అడిగితే, అవి మనుషుల బతుక్కి పనికొస్తాయన్నాడు.

"చదవదగినదేనా" అన్న మీ సందేహానికి ప్రాచీనుల సాక్ష్యం కూడా ఉంది. ఒక్క పుస్తకంతోనే పెర్సియస్ నిజమైన కీర్తి చాలా సంపాదించాడని రోమన్ వక్తృత్వ గురువు క్వింటీలియన్ రాశాడు. 402లో సబైనస్ అనే అధికారి తన దగ్గరున్న పెర్సియస్ ప్రతిని సరిచూసుకోవడానికి మూలప్రతి దొరక్కపోయినా, బార్సిలోనాలోనూ టూలూజ్‌లోనూ ఉన్నప్పుడు తనకు తోచినంత సరిదిద్దుకున్నాడు. ఆ సంగతి రాసిపెట్టిన మాటలు తర్వాతి ప్రతుల్లో నిలిచిపోయాయి. పదిహేడో శతాబ్దం చివర ఆంగ్ల కవి డ్రైడెన్ పెర్సియస్‌ను ఆంగ్లంలోకి తెచ్చాడు, శైలి నచ్చకపోయినా తాను బోధించినదాన్ని నమ్మినవాడని మెచ్చుకున్నాడు.

పుస్తకం విషయానికొస్తే, లోబ్ గ్రంథమాలలో పెర్సియస్, జువెనాల్ ఒకే సంపుటంలో ఉన్నారు, ఒక పేజీలో లాటిన్, ఎదురుగా ఆంగ్లం. లాటిన్ రాకపోయినా అదే కొనండి, ఎందుకంటే పంక్తి సంఖ్యలుంటాయి, వివరణలుంటాయి. డ్రైడెన్ అనువాదం అందంగా ఉంటుంది గానీ మొదటిసారి చదవడానికి వద్దు, అందులో డ్రైడెనే ఎక్కువ వినిపిస్తాడు. రోజుకు ఇరవై ముప్ఫై పంక్తులు మించకుండా, వీలైతే పైకి చదవండి. గొంతు మారినచోట మీ గొంతూ మార్చండి. మూడో కవితలో ఎక్కడైనా ఆగిపోతే పంక్తి సంఖ్య వేసి ఇక్కడే అడగండి, చెబుతాను.